ఇంట్లో ఒకరికి బి27 పాజిటివ్ వస్తే మిగతావాళ్లకీ చేయించాలా? మేనరికం సంగతేమిటి?

వంశధార_ల్యాబ్ (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. గుణుపురంలో రక్తం శాంపిళ్లు తీసి విశాఖ పంపే పని నాది. ఈ మధ్య హెచ్‌ఎల్‌ఏ-బి27 (వెన్ను బిగుసుకుపోయే వాతంతో సంబంధం ఉన్న జన్యువుకి చేసే రక్తపరీక్ష) రాయించుకుని వచ్చేవాళ్లు పెరిగారు. ఒకరికి పాజిటివ్ వచ్చిందంటే చాలు, ఇంటిల్లిపాదీ వచ్చి చెయ్యి చాపుతున్నారు. వాళ్లకి ఏం చెప్పాలో తెలిసినవాళ్లు రాస్తే మా వైపు చాలామందికి పనికొస్తుంది.

ఏ నొప్పీ లేని తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ పరీక్ష చేయించడంలో ప్రయోజనం ఉందా? రెండోది, బి27 చూసే రెండు పద్ధతుల్లో, కొన్ని శాంపిళ్లకి ఫ్లో సైటోమెట్రీలో "సందిగ్ధం" అని వచ్చి, మళ్లీ పీసీఆర్ చేస్తే నెగటివ్ వస్తోంది. ఏది నమ్మాలి? దారిలో శాంపిల్ పాడవుతోందా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది మేనరికం గురించి. నాయనమ్మకి కీళ్లవాతం, పిన్నికి థైరాయిడ్, అక్కకి లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్న ఇంట్లో పిల్లని మేనబావకి ఇవ్వొచ్చా, పెళ్లికి ముందు చూసుకునే జన్యు పరీక్ష ఏదైనా ఉందా అంటున్నారు.

నడుం_కీళ్లు (విశాఖపట్నం)

మొదటిదానికి నా జవాబు: నొప్పి లేని మనిషికి బి27 చేయించకండి. చేయించమని పట్టుబట్టినా ఈ లెక్క చెప్పి ఆపండి.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే వాతం) ఉన్నవాళ్లలో, యూరప్ లెక్కల ప్రకారం, నూటికి 90 మంది దాకా బి27 ఉన్నవాళ్లే. జనం దీన్ని తిరగేసి చదువుతారు, భయమంతా అక్కడే మొదలవుతుంది. బి27 ఉన్న వంద మందిని తీసుకుంటే జీవితంలో ఈ జబ్బు వచ్చేది ఐదుగురికి మించదు. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఇప్పటికే జబ్బు ఉండి, తనకీ బి27 ఉంటే అది 10 నుంచి 20 మంది దాకా పెరుగుతుంది. అప్పుడు కూడా రానివాళ్లే ఎక్కువ.

ఈ జన్యువు 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఒక ప్రతి ఉంటే పిల్లల్లో సగం మందికి వస్తుంది. అంటే ఇలాంటి ఇళ్లలో పదిమంది తోబుట్టువులకి పరీక్ష చేస్తే సుమారు ఐదుగురు పాజిటివ్. ఆ ఐదుగురిలో జబ్బు పడేది మహా అయితే ఒకరు. మిగిలిన నలుగురూ నడుం పట్టేసిన ప్రతిసారీ వెన్ను బిగుసుకుపోతుందేమో అని బతుకంతా భయపడతారు. సంబంధాలు చూసేటప్పుడు ఆ కాగితం బయటపడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బి27కీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం 1973లోనే తెలిసింది. కానీ వంశపారంపర్యంగా వచ్చే ప్రమాదంలో బి27 వాటా అయిదో వంతు దగ్గరే. మిగతాది ఈఆర్‌ఏపీ1, ఐఎల్23ఆర్ లాంటి పదుల కొద్దీ జన్యువుల మధ్య చీలిపోయి ఉంది. ఈఆర్‌ఏపీ1 చేసే పని ప్రొటీన్ ముక్కల్ని హెచ్‌ఎల్‌ఏ అణువులో పట్టేంత పొడవుకి కత్తిరించడం. ఆ ముక్కనే హెచ్‌ఎల్‌ఏ అణువు టి-కణానికి (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్లకణం) చూపిస్తుంది. కత్తిరింపు తీరు మారితే చూపించేదీ మారుతుంది. అందుకే బి27 ఒక్కదాన్నే చూసి జాతకం చెప్పలేం.

రక్తం తీసే బదులు ఆ తోబుట్టువుల్ని ఇవి అడగండి. నడుం నొప్పి 40 ఏళ్లలోపు మొదలైందా, మూడు నెలలు దాటిందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా? లేచాక అరగంటకి పైగా బిగుసుకుని ఉంటోందా? నడిస్తే, పని చేస్తే తగ్గి, పడుకుంటే ఎక్కువవుతోందా? పిరుదులో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి మారుతోందా? మడమ వెనక నొప్పి ఉందా? బరువెత్తినప్పుడు పట్టేసే నడుం నొప్పి దీనికి సరిగ్గా ఎదురు: విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది.

కన్ను ఎర్రబడి, లోపల నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే అది కండ్లకలక కాకపోవచ్చు, యువియైటిస్ (ఈ జబ్బుతో పాటు రాగల కంటి లోపలి వాపు) కావచ్చు. మందుల షాపులో చుక్కలు కొని వేసుకుని వారం ఆగితే కంటిపాప లోపల అతుక్కుపోవచ్చు. అదే రోజు కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో చూడాలి.

ఎమ్మారై దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నడుం నొప్పి కదా అని లంబార్ స్పైన్ తీయిస్తారు, జబ్బు మొదలయ్యే చోటు మాత్రం సేక్రోఇలియాక్ కీళ్లు (వెన్నెముక అడుగున కటి ఎముకతో కలిసే చోటు). ఆ కీళ్లకే, స్టిర్ సీక్వెన్స్‌తో (వాపు బాగా కనిపించే పద్ధతి) తీయమని చీటీ మీద రాయించండి. రంగు మందు ఎక్కించనక్కర్లేదు. మామూలు ఎక్స్‌రేలో మార్పు కనిపించడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు.

మీ రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉంది కాబట్టి ఇంకో మాట. సికిల్ జబ్బులో తుంటి ఎముక తల రక్తం అందక చచ్చిపోతుంది. ఆ నొప్పిని వాతం అనుకుని బి27కి పంపుతారు. పైగా సికిల్ కణాలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరుకోవు, అందువల్ల ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు చూసే రక్తపరీక్ష) అసలు ఉండాల్సిన దానికంటే తక్కువ చూపిస్తుంది. అలాంటివాళ్లకి వాపు కొలవాలంటే సీఆర్‌పీ అనే ఇంకో రక్తపరీక్ష చూడాలి. కుర్రవాడికి తుంటి నొప్పి అంటే బి27 కంటే ముందు హీమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (సికిల్ తేల్చే పరీక్ష), తుంటి ఎక్స్‌రే.

పీసీఆర్_బల్ల

రెండో ప్రశ్నకి జవాబు నేను రాస్తాను. రెండు పద్ధతులూ చూసేది వేర్వేరు వస్తువుల్ని. ఫ్లో సైటోమెట్రీ కణం పైన ఉన్న బి27 ప్రొటీన్‌ని యాంటీబాడీతో పట్టుకుంటుంది. ఆ యాంటీబాడీ బి7 లాంటి దగ్గరి చుట్టాల మీదా కొంచెం అంటుకుంటుంది. బి7 ఉన్న మనిషికి సరిహద్దు అంకె వచ్చేది అందుకే. పీసీఆర్ నేరుగా డీఎన్‌ఏ చదువుతుంది. కాబట్టి ఫ్లోలో సందిగ్ధం వచ్చి పీసీఆర్‌లో నెగటివ్ వస్తే, శాంపిల్ ఆ మనిషిదే అయినంత వరకు, పీసీఆర్‌నే నమ్మండి. ఫ్లోలో స్పష్టంగా నెగటివ్ వస్తే మళ్లీ పీసీఆర్ అక్కర్లేదు.

ఇక దారి. ఫ్లోకి బతికున్న తెల్లకణాలు కావాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 2 నుంచి 3 మి.లీ. తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి, గట్టిగా ఊపకండి. గది వేడిమిలోనే ఉంచాలి. ఐసు మీద పెడితే కణాలు దెబ్బతింటాయి. 24 గంటల్లో చేరితే మంచిది, 48 దాటితే పంపకపోవడమే మేలు. గుణుపురం నుంచి నౌపడ మీదుగా విశాఖ చేరేలోపు, మే నెల ఎండలో, బండి డిక్కీలో పెట్టిన డబ్బా లోపల వేడి గది వేడిమి కాదు. మందపాటి థర్మోకోల్ పెట్టెలో, ఐసు ప్యాక్‌కి గుడ్డ చుట్టి ట్యూబుకి ఆనకుండా దూరంగా పెట్టండి. శనివారం సాయంత్రం తీసిన శాంపిల్ సోమవారం దాకా కౌంటర్ మీద కూర్చుంటుందేమో ముందే కనుక్కోండి. నేను చూసినంతలో పాడయ్యేవాటిలో ఎక్కువ ఇవే.

మీ దూరానికి అసలు పీసీఆరే అడగడం నయం. అదే ఈడీటీఏ ట్యూబు, 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఆగుతుంది. గడ్డకట్టించకండి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు మాత్రం వద్దు, హెపారిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది.

బి27 పుట్టుకతో వచ్చేది, మారదు. సరైన పద్ధతిలో ఒకసారి వచ్చిన ఫలితం జన్మంతా చెల్లుతుంది. ప్రతి కొత్త డాక్టరు దగ్గరా మళ్లీ చేయించుకోకుండా ఆ కాగితం దాచుకోమనండి.

వంశధార_ల్యాబ్

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపటి నుంచి పీసీఆర్‌కే పంపుతాం.

మేనరికం ప్రశ్న కొంచెం విడదీసి అడుగుతాను. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లకి తలా ఒక జబ్బు. కానీ కొన్ని ఇళ్లలో నాలుగేళ్ల పిల్లకే లూపస్ అంటున్నారు. అమ్మా నాన్నా మేనరికం, ఆ పిల్ల పెద్దక్కని మళ్లీ మేనత్త కొడుక్కే ఇస్తామంటున్నారు. ఈ రెండు రకాల ఇళ్లకీ ఒకే సమాధానమా?

వంశవృక్షం (బరంపురం)

కాదండి. రెండూ పూర్తిగా వేరు, విడదీసి అడగడం చాలా మంచిదైంది.

మొదటి రకం ఇల్లు: పెద్దయ్యాక వచ్చిన రుమటాయిడ్ (మీరన్న కీళ్లవాతం), థైరాయిడ్, లూపస్. వీటి వెనక పదులు, వందల జన్యు తేడాలు తలా కొంచెం చెయ్యి వేస్తాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి రుమటాయిడ్ వస్తే రెండోవారికి వచ్చేది సుమారు 15 శాతమే. జన్యువులన్నీ ఒకటైనా 85 శాతం తప్పించుకుంటున్నారు. ఇలాంటి జబ్బుల్లో మేనరికం వల్ల పెరిగే ప్రమాదం చిన్నది. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే, పుట్టిన బిడ్డలో ఏదో ఒక జన్యువు దగ్గర ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. పెళ్లి ఆపడానికో చేయడానికో పనికొచ్చే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష వీళ్లకి లేదు. పెళ్లికూతురికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడండి, గర్భం రాకముందే. వీళ్లకి నిజంగా ఉపయోగపడేది అదీ, ఇద్దరికీ సికిల్ పరీక్షా. సికిల్‌కి తేల్చి చెప్పే పరీక్ష ఉంది, మీ జిల్లాలో అవసరమూ ఉంది. దాన్ని వదిలేసి హెచ్‌ఎల్‌ఏకి డబ్బు పోయడం నాకు బాధగా ఉంటుంది.

రెండో రకం ఇల్లు: ఐదేళ్లలోపు లూపస్, లేదా అబ్బాయికి చిన్నప్పుడే లూపస్, తోబుట్టువుల్లో ఇద్దరికి, అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలు, పదేపదే ఇన్‌ఫెక్షన్లు. ఈ గుర్తుల్లో రెండు కలిసినా ఒకే జన్యువు చెడిపోయిందేమో అని అనుమానించాలి. అందులో ముందు చూడాల్సినది కాంప్లిమెంట్, అంటే రక్తంలో ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే రోగనిరోధక ప్రొటీన్ల వరస. మన కణాలు రోజూ చచ్చిపోతుంటాయి, ఆ చెత్తని ఎత్తించే ప్రొటీన్లలో సి1క్యూ ఒకటి. అది పూర్తిగా లేనివాళ్లలో 90 శాతం దాకా లూపస్ గానీ అలాంటి జబ్బు గానీ వస్తుంది. ఎత్తని చెత్తలో ఉన్న డీఎన్‌ఏ మీదే రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరుగుతుంది.

చేయాల్సింది సీహెచ్50 (ఆ వరస మొత్తం పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష), దాంతోపాటే అందులోని సి3, సి4 ప్రొటీన్లు. మామూలు లూపస్ ముదిరినప్పుడు సి3, సి4 రెండూ పడిపోతాయి. సి3, సి4 బాగానే ఉండి సీహెచ్50 సున్నా దగ్గర ఉంటే సి1క్యూ, సి2 లాంటి మొదటి మెట్ల ప్రొటీన్ ఏదో లేదని అర్థం.

అయితే మీరు శాంపిల్ పంపేవాళ్లు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కాంప్లిమెంట్ వేడికి ఆగదు. ఎర్ర మూత ట్యూబులో తీసిన రక్తం గడ్డకట్టగానే సీరం వేరుచేసి వెంటనే మైనస్ 70కి గడ్డకట్టించాలి, డ్రై ఐస్ మీద పంపాలి. గది వేడిమిలో ప్రయాణం చేసిన సీరంలో సీహెచ్50 పడిపోతుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ సౌకర్యం లేకపోతే ఈ ఒక్క పరీక్షకి ట్యూబుని కాదు, పిల్లనే ల్యాబుకి పంపండి. ఫలితం తక్కువొస్తే మళ్లీ ఒకసారి చేయించాకే నమ్మాలి.

ఇప్పుడు పెద్దక్క పెళ్లి. చెల్లికి నిజంగా సి1క్యూ లోపం అని తేలిందనుకుందాం. అమ్మానాన్నలిద్దరూ తప్పక వాహకులే (చెడ్డ ప్రతి ఒక్కటే ఉండి, జబ్బు లేనివాళ్లు). పెద్దక్క ఆరోగ్యంగా ఉంది కాబట్టి ఆమె వాహకురాలయ్యే అవకాశం 3లో 2. మేనత్తకి 2లో 1, ఆమె కొడుక్కి 4లో 1. ఇద్దరూ వాహకులైతే ఒక్కో కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 4లో 1. అక్క 3లో 2, బావ 4లో 1, బిడ్డ 4లో 1: ఈ మూడూ గుణిస్తే 24లో 1. మేనత్త భర్త కూడా ఆ ఇంటి చుట్టమే అయితే ఇంకా పెరుగుతుంది. నూటికి నాలుగంటే పక్కన పెట్టగలిగే అంకె కాదు. కానీ దీన్ని ఊహకి వదిలేయక్కర్లేదు, పరీక్షతో తేల్చొచ్చు.

వరస ముఖ్యం. ముందు జబ్బున్న చెల్లి రక్తం, ఈడీటీఏలో, ఎక్సోమ్ పరీక్షకి (ప్రొటీన్లు తయారుచేసే జన్యు భాగాలన్నీ చదివేది). మార్పు ఏ అక్షరం దగ్గర ఉందో దొరికాక ఆ ఒక్క అక్షరమే అక్కలో, బావలో శాంగర్ పద్ధతిలో చూస్తారు. ఖర్చు తక్కువ, జవాబు అవును-కాదు. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా బిడ్డకి ఆ జబ్బు రాదు. దీన్ని తిరగేసి ఆరోగ్యంగా ఉన్న పెళ్లికూతురికి ముందు ఎక్సోమ్ చేయిస్తే "అర్థం తేలని మార్పు" అని కొన్ని వస్తాయి. పోల్చుకునే సమాచారంలో మన వాళ్ల జన్యువులు తక్కువ, యూరప్ వాళ్లవి ఎక్కువ కావడంతో మనకి అవి ఇంకా ఎక్కువ. వాటితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

లూపస్ ఒక్కటే కాదు. పిల్లాడికి నోట్లో తగ్గని తెల్లపూత, కాల్షియం పడిపోయి ఫిట్స్, తర్వాత ఎడ్రినల్ గ్రంథి దెబ్బతినడం: ఈ మూడింటిలో రెండున్నా ఎయిర్ అనే జన్యువు చెడిందేమో అనుమానించాలి. థైమస్‌లో (టి-కణాలు తయారయ్యే ఛాతీలోని గ్రంథి) టి-కణాలకి "ఇది మన ఒంటిదే" అని చూపించే పని దానిది. ఇదీ ఎక్కువగా వాహకులైన తల్లిదండ్రుల నుంచే వస్తుంది, లెక్క అదే.

మాచ్‌ఖండ్_బయాలజీ (కోరాపుట్ జిల్లా)

పైవాటికి రెండు చేర్పులు.

ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపితే "మీ ఆటోఇమ్యూన్ రిస్క్" (ఒంటి మీద ఒళ్లే తిరగబడే జబ్బులు వచ్చే అవకాశం) చెప్పే పరీక్షలు వస్తున్నాయి. అవి చూసే జన్యు తేడాల్లో పీటీపీఎన్22 ఆర్620డబ్ల్యూ ఒకటి. యూరప్ వాళ్లలో రుమటాయిడ్‌కి, టైప్ 1 డయాబెటిస్‌కి అది బలమైన గుర్తు. మన వాళ్లలో అది చాలా అరుదు. కాబట్టి "మీకు ఆ తేడా లేదు, రిస్క్ తక్కువ" అన్న వాక్యానికి మన దగ్గర విలువ లేదు. హెచ్‌ఎల్‌ఏలోనూ అంతే. ఉత్తర భారతంలో డీఆర్3 అనే హెచ్‌ఎల్‌ఏ రకాన్ని మోసే కట్టలు (కలిసి వారసత్వంగా వచ్చే జన్యు రకాల గుంపులు) యూరప్ కట్టల్లాంటివి కావని ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎన్.కె. మెహ్రా బృందం చూపించింది. అక్కడ ఎ1-బి8-డీఆర్3 మామూలు, మన దేశంలో ఎ26-బి8-డీఆర్3 కనిపిస్తుంది.

రెండోది, ఇంత హాని చేసే జన్యువులు తరాలుగా ఎందుకు మిగిలాయని పిల్లలు అడుగుతారు. మలేరియా తెలిసిన మన జిల్లాలకి దగ్గరగా ఉండే జవాబు ఎఫ్‌సీజీఆర్2బి. బి-కణాల మీద యాంటీబాడీ తయారీకి బ్రేకు వేసే గ్రాహకం ఇది. ఇందులో 232వ స్థానంలో ఐసోల్యూసిన్ బదులు థ్రియోనిన్ వస్తే బ్రేకు పట్టదు. రెండు ప్రతులూ అలాంటివే అయితే లూపస్ ప్రమాదం ఎక్కువ. అదే తేడా ఉన్న కెన్యా పిల్లల్లో తీవ్రమైన మలేరియా తక్కువని 2010లో తేలింది. ఆసియాలో, ఆఫ్రికాలో ఈ తేడా ఎక్కువగానూ, యూరప్‌లో తక్కువగానూ ఉంది.

జన్యువు మార్చలేం, పొగ ఆపగలం. డీఆర్‌బీ1 అనే హెచ్‌ఎల్‌ఏ జన్యువులో 70 నుంచి 74 స్థానాల మధ్య ఒక రకం వరస ఉన్నవాళ్లకి రుమటాయిడ్ ప్రమాదం ఎక్కువ. స్వీడన్‌లో 2006 నాటి అధ్యయనంలో అది రెండు ప్రతులు ఉండి సిగరెట్ తాగేవాళ్లకి, యాంటీ-సీసీపీ (సిట్రులిన్ ఉన్న ప్రొటీన్ల మీద తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్ రుమటాయిడ్ ప్రమాదం 21 రెట్లు. పోల్చింది ఆ వరసా లేక, పొగా తాగనివాళ్లతో. పొగకి ఊపిరితిత్తుల్లో ప్రొటీన్లు సిట్రులిన్ రూపంలోకి మారతాయి, ఆ వరస ఉన్న హెచ్‌ఎల్‌ఏ వాటిని బాగా పట్టుకుని టి-కణాలకి చూపిస్తుంది. ఆ లెక్క సిగరెట్లదే అయినా, ఇంట్లో కీళ్లవాతం ఉన్నవాళ్లు పికా (బీడీ), చుట్ట, అడ్డపొగ (నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం) మానేయడానికి ఇది చాలినంత కారణం. అడ్డపొగ కాల్చే అమ్మలకి అంగిలి మీద క్యాన్సర్ భయం ఎలాగూ ఉంది.

వంశధార_ల్యాబ్

చాలా స్పష్టంగా ఉంది. ఒక్కటి మిగిలింది. లూపస్ ఉన్న అమ్మాయికి పెళ్లయి గర్భం వస్తే, బిడ్డకి కూడా పుట్టుకతోనే వస్తుందా అని అత్తింటివాళ్లు అడుగుతారు.

చంటిపిల్లల_వార్డు (జయపురం)

పుట్టుకతో బిడ్డకి వచ్చేది జన్యువుల వల్ల కాదు, తల్లి రక్తంలోని యాంటీ-రో యాంటీబాడీ మాయ దాటడం వల్ల. రిపోర్టులో ఎస్‌ఎస్‌ఏ అని రాసినా ఇదే. ముఖం మీద, కళ్ల చుట్టూ గుండ్రటి ఎర్ర మచ్చలు రావచ్చు. తల్లి యాంటీబాడీ కరిగిపోయే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో అవి పోతాయి, అప్పటిదాకా ఎండ తగలనివ్వకూడదు. భయపడాల్సింది గుండెకి. యాంటీ-రో ఉన్న తల్లుల బిడ్డల్లో ఒకటి రెండు శాతం మందికి హార్ట్ బ్లాక్ (గుండె కొట్టుకోమనే సంకేతం కింది గదులకి అందకపోవడం) వస్తుంది, పూర్తిగా వచ్చాక తిరిగి మామూలు కాదు. ముందు కాన్పులో ఒకసారి వచ్చి ఉంటే మళ్లీ వచ్చే అవకాశం 15 నుంచి 20 శాతం.

కాబట్టి లూపస్ లేదా షోగ్రెన్స్ (కళ్లు, నోరు ఎండిపోయే ఇలాంటి జబ్బే) ఉన్న అమ్మాయికి గర్భానికి ముందే యాంటీ-రో విడిగా చూడండి. కొన్నిసార్లు ఏఎన్‌ఏ (లూపస్‌కి మామూలుగా ముందు చేసే పరీక్ష) నెగటివ్ వచ్చినా యాంటీ-రో ఉంటుంది, ఏఎన్‌ఏ చూసి ఆగిపోవద్దు. ఉంటే 16-18 వారాల నుంచి 26 వారాల దాకా పిండం గుండెకి ఎకో చేయించాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ (మలేరియాకీ వాడే లూపస్ మందు) గర్భమంతా ఆపకుండా వాడాలి. ముందు బిడ్డకి హార్ట్ బ్లాక్ వచ్చిన తల్లుల్లో అది మళ్లీ వచ్చే అవకాశాన్ని ఈ మందు సగానికి పైగా తగ్గించింది. "మలేరియా లేదు కదా, ఈ బిళ్లలెందుకు" అని ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించేస్తారు. శాంపిల్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ బిళ్లలు వేసుకుంటోందో లేదో మీరే అడగండి, మానేసి ఉంటే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయించండి.